పోపుపెట్టెలో పసుపు వేరు, సీసాలో పసుపు వేరు
హెర్న్‌డన్ నుంచి క్యాంపు సోదరులకు ఒక హెచ్చరిక

వర్జీనియా రాష్ట్రంలోని మా హెర్న్‌డన్ ఊరు డల్లెస్ విమానాశ్రయానికి ఆనుకునే ఉంటుంది. ఇక్కడి తెలుగువాళ్లలో చాలామంది దుబాయ్ మీదుగానో దోహా మీదుగానో ఇంటికి వెళ్తారు. ప్రయాణం ఖాయమైందని తెలియగానే గల్ఫ్ క్యాంపుల నుంచి ఫోన్లు మొదలవుతాయి. "బావా, మోకాళ్ల నొప్పులకు ఆ పసుపు గొట్టం మాత్రలు తెచ్చిపెట్టు", "అన్నా, షుగర్‌కు కాకరకాయ మాత్రలు దొరుకుతాయట కదా!" అని అడుగుతారు. అడిగిందే తడవు మేమూ సీసాలు కొని సూట్‌కేసులో సర్దుకుంటాం. ఆకులు, దుంపలే కదా, ఏం చేస్తాయిలే అనుకున్నాం. అలా అనుకోవడం తప్పని ఇప్పుడు తెలిసింది.

మా బంధువు ఒకాయన క్యాంపులో ఉంటూ సెంట్రింగ్ పని చేస్తాడు. మేమిచ్చిన పసుపు మాత్రలు రోజుకు ఒకటి వేసుకోవాలి. నొప్పి త్వరగా తగ్గాలని ఆయన మూడేసి వేసుకున్నాడు. రెండు నెలలకు ఆకలి పోయింది, మూత్రం ముదురు రంగుకు తిరిగింది. ఎండ దెబ్బేమో అన్నారు గదిలోవాళ్లు. కళ్లు పచ్చబడ్డాక కామెర్లని గుర్తుపట్టి, ఊరి నుంచి పసరు మందు తెప్పిస్తామన్నారు. డాక్టరు "మందులేమైనా వాడుతున్నావా?" అని అడిగితే ఆయన లేదన్నాడు. అది అబద్ధం కాదు, పసుపును ఆయన మందు కింద లెక్కేయలేదు. సీసా సంగతి రెండోసారి వెళ్లినప్పుడు బయటపడింది. మాత్రలు ఆపాక కోలుకున్నాడు గానీ నెలన్నర జీతం పోయింది. ఆ సీసా ఇచ్చింది మేమే. అందుకే ఇది రాస్తున్నాం.

ఐదు చెంచాలు ఒక్క మాత్రలో

పసుపు తరతరాలుగా తింటున్నాం కదా అని అడగవచ్చు. కూరలో వేసే పసుపుతో ఏ భయమూ లేదు. పసుపు కొమ్ములో కర్క్యుమిన్ అనే పదార్థం నూటికి రెండు నుంచి ఐదు పాళ్లే ఉంటుంది. సీసాలోని మాత్రలో ఉండేది పసుపు పొడి కాదు, దాని సారం. 500 మిల్లీగ్రాముల మాత్రలో నూటికి 95 పాళ్లు కర్క్యుమినే అని చాలా సీసాల మీద రాసి ఉంటుంది. లెక్క కడితే ఒక్క మాత్ర సుమారు ఐదు టీస్పూన్ల పసుపుతో సమానం. మూడు మాత్రలంటే పదిహేను స్పూన్లు. ఏ ఇల్లాలైనా ఒక్క మనిషికి రోజుకు అంత పసుపు పెడుతుందా?

ఇంకో సంగతి ఉంది. మామూలుగా కర్క్యుమిన్ ఒంటికి పెద్దగా పట్టదు. అది పట్టాలని కొన్ని కంపెనీలు మిరియాల సారం పైపరిన్ కలుపుతాయి. పైపరిన్ కలిస్తే కర్క్యుమిన్ రక్తంలోకి చేరడం సుమారు 20 రెట్లు పెరుగుతుందని బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ పరిశోధకులు 1998లోనే చూపించారు. ఆ ఎక్కువైన సరుకునంతా వడపోయాల్సింది కాలేయమే.

బయటపడ్డ కేసులు

అమెరికాలో మందుల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులను నమోదు చేసే వైద్యుల బృందం, పసుపు మాత్రల వల్ల జబ్బుపడిన 10 మంది వివరాలను 2022లో వెల్లడించింది. వారిలో ఐదుగురు ఆస్పత్రిలో చేరారు, ఒకరు చనిపోయారు. పది మందిలో ఏడుగురికి ఒకే రకం జన్యువు ఉంది. అంటే ఈ మాత్రలు అందరికీ హాని చేయవు. కానీ ఆ జన్యువు మనలో ఉందో లేదో ముందుగా తెలుసుకుని మాత్ర మింగేవాళ్లు ఎవరూ ఉండరు.

మన దేశంలోనూ ఇలాంటివి జరిగాయి. కరోనా కాలంలో రోగనిరోధక శక్తి కోసమని జనం తిప్పతీగను విపరీతంగా వాడారు. ఆ తర్వాత కాలేయం దెబ్బతిన్న 43 మంది గురించి దేశంలోని 13 ఆస్పత్రుల వైద్యులు 2022లో ఒక అధ్యయనం ప్రచురించారు. అంతకుముందు ముంబయి వైద్యులు ఇలాంటి కేసులే చెప్పినప్పుడు, ఆ మొక్క అసలు తిప్పతీగేనా అని నిర్ధారించుకోలేదంటూ ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021లో అభ్యంతరం చెప్పింది. ఎవరి మాట ఎలా ఉన్నా మనకు తెలియాల్సింది ఒక్కటే: ఏ తీగో, ఎంత మోతాదో తెలియకుండా నెలల తరబడి వాడకూడదు.

గ్రీన్ టీ సంగతీ ఇంతే. కప్పులో తాగే టీ వేరు, బరువు తగ్గడానికి మింగే గ్రీన్ టీ సారం వేరు. ఆ సారంలోని ఇ.జి.సి.జి. అనే పదార్థం రోజుకు 800 మిల్లీగ్రాములు దాటితే కాలేయం దెబ్బతినే సూచనలు కనిపిస్తాయని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో తేల్చింది.

ఎండలో పనిచేసేవారు మరీ జాగ్రత్త

2003 ఫిబ్రవరిలో స్టీవ్ బెక్లర్ అనే 23 ఏళ్ల బేస్‌బాల్ ఆటగాడు ఫ్లోరిడాలో శిక్షణ శిబిరంలో వడదెబ్బతో చనిపోయాడు. బరువు తగ్గడానికి వాడిన ఎఫెడ్రా అనే మొక్క సారం కూడా ఒక కారణమని పోస్టుమార్టం చేసిన వైద్యుడు చెప్పాడు. 2004లో అమెరికా ప్రభుత్వం ఎఫెడ్రా మాత్రలను నిషేధించింది. గుండె వేగం పెంచే, ఒంట్లో వేడి పెంచే "శక్తి" మాత్రలు ఎండలో కష్టం చేసే మనిషికి ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తోంది.

"అమెరికా సరుకు కదా, అన్నీ పరీక్షించే అమ్ముతారు" అనుకోకండి. 1994లో వచ్చిన చట్టం ప్రకారం ఇలాంటి మాత్రలను మందుల్లాగా ముందుగా పరీక్షించి ప్రభుత్వ ఆమోదం తీసుకోనక్కర్లేదు. భద్రత చూసుకోవలసింది కంపెనీయే. సాధారణంగా ప్రభుత్వం కలగజేసుకునేది హాని బయటపడ్డాకే. సీసా మీద యు.ఎస్.పి. ముద్ర ఉంటే, చీటీ మీద రాసిన సరుకే లోపల ఉందని కొంత నమ్మవచ్చు. అది మీ ఒంటికి సరిపడుతుందని ఆ ముద్ర చెప్పదు.

ఇవి గుర్తుంచుకోండి

* షుగర్ మాత్రలు వాడేవారు వాటితోపాటు కాకర, పొడపత్రి, మెంతి సారం మాత్రలు వేసుకుంటే షుగర్ మరీ పడిపోయి కళ్లు తిరగవచ్చు. పరంజా మీద ఉన్నప్పుడు అలా జరిగితే ప్రాణానికే ముప్పు.
* బీపీ ఉన్నవారు అతిమధురం మాత్రల జోలికి పోవద్దు. అవి బీపీని పెంచుతాయి.
* రక్తం పలచబడే మందులు వాడేవారు డాక్టరును అడగకుండా పసుపు, వెల్లుల్లి, జింకో మాత్రలు వేసుకోవద్దు.
* మద్యం అలవాటున్నవారు, గతంలో కామెర్లు వచ్చినవారు ఇలాంటి సారాలకు దూరంగా ఉండాలి.
* మూత్రం ముదురు రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా, ఒళ్లంతా దురద పుట్టినా, వాంతులు, విపరీతమైన నీరసం ఉన్నా వెంటనే మాత్రలు ఆపి డాక్టరు దగ్గరకు వెళ్లండి. పసరు కోసం ఎదురుచూడవద్దు.
* వెళ్లేటప్పుడు సీసా వెంట తీసుకెళ్లండి. పేరు చెప్పడం రాకపోయినా సీసా చూపిస్తే చాలు.

అమెరికాలో ఉన్నవారు 1-800-222-1222 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి విష నియంత్రణ కేంద్రం సలహా తీసుకోవచ్చు.

సోదరులారా, ఇకమీదట మీరు సీసా అడిగితే మేము వెంటనే సరే అనం. ఏ జబ్బుకు, ఏ మందులతోపాటు, డాక్టరుకు చెప్పారా అని అడుగుతాం. కోపం తెచ్చుకోవద్దు. మోకాళ్లు నొప్పి పుడుతుంటే వైద్యుడికి చూపించుకోండి. పసుపు కావాలంటే పప్పులో వేసుకోండి.