కోచింగ్ అంటే బండెక్కుడే.. యాడ దింపుతదో ముందే అడగాలె

అమీర్‌పేట మెట్రో దిగి మైత్రివనం దిక్కు నడిస్తే కండ్ల ముంగట ఒక్కటే మాట. కోచింగ్. గోడ మీద అదే, కరెంటు స్తంభం మీద అదే, చేతుల పెట్టే కరపత్రం మీద అదే. జావా కోచింగ్, పైథాన్ కోచింగ్, బ్యాంకు కోచింగ్. పంజాగుట్ట దిక్కు పోయినా ఆ బోర్డులు మనల్ని ఇడువయి. ఊర్ల ఇంగ్లీషు ముక్క రాని అవ్వ గూడ "మా పోరడు కోచింగ్‌కు పోయిండు" అంటది. గంత మనదైపోయిన మాట యాడికెల్లి వచ్చిందో, దాని అసలు అర్థమేందో జెర చూద్దాం. ఆ అర్థంల మీ పైసలకు, మీ వయసుకు పనికొచ్చే ముచ్చట ఒకటున్నది.

కోచ్ అంటే బండి. గుర్రాలు గుంజే బండి.

ఐరోపాల హంగేరీ అని ఒక దేశం. అక్కడ బుడాపెస్టు నుంచి వియన్నాకు పోయే తొవ్వల ఒక చిన్న ఊరు. పేరు 'కొచ్'. 15వ శతాబ్దంల ఆ ఊరోళ్లు తేలికగ, జల్ది ఉరికే బండ్లు చేసెటోళ్లు. జనం దాన్ని 'కొచి సెకేర్' అన్నరు. అంటే కొచ్ ఊరి బండి. రాను రాను 'బండి' పోయి ఊరి పేరే మిగిలింది. మనం పోచంపల్లి చీరను ఉత్త 'పోచంపల్లి' అంటలేమా, గట్లనే. ఆ మాట జర్మనీకి పోయింది, ఫ్రాన్సుకు పోయింది, 16వ శతాబ్దంల ఇంగ్లీషుల పడి 'కోచ్' అయ్యింది. గుర్రాలు పోయి రైలు వచ్చినా పేరు పోలే. మన రిజర్వేషన్ టికెట్ మీద ఎస్-4 అని ఉంటే అది కోచ్ నంబరే. ఉర్దూల గుర్రపుబండి తోలెటాయనను కోచ్‌వాన్ అంటరు. అదీ గీ కుటుంబమే.

మరి బండి పంతులు ఎట్లయ్యింది? 1830 ప్రాంతంల ఇంగ్లండుల ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ పిల్లలు, పైసలు తీస్కొని పరీక్షకు తయారుచేసే ప్రైవేటు పంతులును కోచ్ అనుడు మొదలువెట్టిన్రు. పిల్లగాన్ని ఎక్కించుకొని పరీక్ష దాటించే బండి అన్నట్టు. ఆటల్ల కోచ్ అనే అర్థం ఆ తర్వాత, 1860ల కాలంల వచ్చింది. అంటే మన అమీర్‌పేట అర్థమే క్రికెట్ అర్థం కంటె పాతది!

ఇండ్ల మనం పట్టుకోవాల్సిన ముచ్చట రెండు.

మొదటిది. ఇంగ్లీషు రాదని అమీర్‌పేట క్లాసుల ఎనుక బెంచీ మీద తల దించుకొని కూసునే పిల్లలు మస్తుమంది ఉంటరు. తమ్మీ, చెల్లె, గా ఇంగ్లీషు మాట పుట్టింది రాజుల కోటల కాదు. బండ్లు చేసెటోళ్ల ఊర్ల. ఆ మాట ఇంగ్లీషోళ్లకు గూడ పరాయిదే. వాళ్లు ఎరువు తెచ్చుకొని తమ తీరుగ పలికిన్రు. మనం గూడ గట్లనే వాడుకుందాం. సిగ్గుపడే పనేముంది?

రెండోది అసలుది. కోచ్ అంటే బండైతే, ఫీజు అంటే టికెట్. జేబీఎస్‌ల బస్సెక్కేటప్పుడు మనం ఏం అడుగుతం? యాడికి పోతది, ఎప్పుడు పోతది, సీటు ఉన్నదా, పోకుంటే పైసలు వాపస్ ఇస్తరా. వంద రూపాయల టికెట్‌కు ఇన్ని అడిగెటోళ్లం, నాయిన పత్తి అమ్మి, లేకుంటే మిత్తికి తెచ్చి ఇచ్చిన వేల రూపాయలు కట్టేటప్పుడు నోరు ఎందుకు మూస్తం?

అన్ని సెంటర్లు మోసమని నేను అంటలేను. మూడేండ్ల డిగ్రీల, నాలుగేండ్ల ఇంజినీరింగుల కాలేజీలు నేర్పనిది ఇక్కడ మూడు నెలల్ల నేర్చుకొని నౌకరీల పడ్డోళ్లు నాకు ఎరుకే. కాలేజీ సక్కగ చెప్తే అమీర్‌పేటకు ఇంత గిరాకి ఎక్కడిది? కని "నౌకరీ గ్యారంటీ" అనే బోర్డు చూసి సంచి దించుడు వేరే ముచ్చట.

దీని మీద సర్కారు రాసిన కాయిదాలున్నయి. 2024 జనవరిల కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్ల మీద మార్గదర్శకాలు తెచ్చింది. ఫీజు మొత్తం కట్టి నడుమల మానేస్తే, మిగిలిన రోజుల పైసలు 10 రోజుల్ల వాపస్ ఇయ్యాలని అండ్ల ఉన్నది. అమలు చేసుడు రాష్ట్రాల చేతుల ఉన్నది. అదే ఏడు నవంబర్ల కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ ప్రకటనల మీద ఇంకో మార్గదర్శకాలు ఇచ్చింది. సెలక్షన్ గ్యారంటీ, నౌకరీ గ్యారంటీ అని అబద్ధం చెప్పి పిల్లల్ని గుంజొద్దన్నది. 50 మందికి పైబడి పిల్లలున్న సెంటర్లకు ఇది వర్తిస్తది. ఆటలు, డాన్సు, నాటకం ఈ లెక్కల రావు. అంటే సర్కారు కాయిదంల గూడ కోచింగ్ అంటే ఆట కాదు, చదువు బండే. మోసపోతె 1915కు ఫోన్ కొట్టొచ్చు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. కని చేతుల రసీదు ఉండాలె. నోటి మాట నిలవడది.

ఇగ ఆటల కోచ్ కాడికెల్లి నేర్చుకునేది గూడ ఒకటున్నది. వరంగల్ జిల్లా కల్లెడ ఊరి బిడ్డ జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌ల 400 మీటర్ల పరుగుల కాంస్యం గెలిచింది. ఆమె కోచ్ నాగపురి రమేష్, 2016ల ద్రోణాచార్య అవార్డు అందుకున్నాయన. తొవ్వ ఆయన చూపిండు. ఉరికింది మాత్రం దీప్తే. మనకు గూడ అంతే. సారు బోర్డు మీద రాసిన కోడును ఫోన్ల ఫొటో కొట్టుకుంటే సరిపోదు, రూముకు పోయి మన ఏళ్లతోని మనమే కొట్టాలె.

అందుకే ఫీజు కట్టకముందు మూడు పనులు చేయున్రి. రెండు డెమో క్లాసులు ఉత్తగ కూసోని ఇనున్రి. పోయిన బ్యాచుల చదివినోళ్లను ఇద్దరిని పట్టుకొని, నౌకరీ ఏమొచ్చిందో వాళ్ల నోటనే తెలుసుకోన్రి. ఎన్ని రోజులు చెప్తరు, ఎవరు చెప్తరు, మానేస్తే ఎంత వాపస్ అనేది రసీదు మీద రాయించుకోన్రి. రాయమంటే రాయకపోతే లేచి రాన్రి. అమీర్‌పేటల బండ్లకు కొదవ లేదు.