గట్టి కలపకు ఏ చైన్‌సా? సీసీల కన్నా ముందు పళ్లను చూడాలి

సూరత్ అనగానే వజ్రాలు గుర్తొస్తాయి. కానీ వజ్రాల సాన పరిశ్రమ ఎదగక ముందే ఈ ప్రాంతానికి మరో గట్టి సరుకుతో అనుబంధం ఉంది. అదే టేకు. నగరానికి ఆగ్నేయంగా ఉన్న డాంగ్స్ అడవులు టేకుకు ప్రసిద్ధి. 1913లో మొదలైన బిలిమోరా–వఘయి నారోగేజ్ రైలు ఆ కలపను మోసింది. సూరత్ ఓడల నిర్మాత లవ్జీ నుస్సర్వాన్జీ వాడియా 1736లో బొంబాయికి వెళ్లి స్థిరపడ్డారు. ఆయన వంశస్థులు టేకుతో కట్టిన ‘ట్రింకోమలీ’ అనే ఓడ 1817లో జలప్రవేశం చేసింది. అది ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్‌లో ఇప్పటికీ నీటిమీద తేలుతోంది.

అంత గట్టి చెట్లను అప్పట్లో గొడ్డళ్లతో, చెరోవైపు పట్టుకొని లాగే రంపాలతో కోసేవారు. ఇప్పుడు ఆ పని చైన్‌సాది. అడవుల్లోనే కాదు, నగరాల్లోనూ దాని అవసరం పెరిగింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు, 2021 మే నెలలో టౌటే తుఫాను గుజరాత్‌ను కుదిపినప్పుడు కూలిన చెట్లను తొలగిస్తే తప్ప దారులు తెరుచుకోలేదు. అందుకే ఇప్పుడు పొలం ఉన్న రైతు, అపార్ట్‌మెంట్ సంఘం కూడా ఈ యంత్రం కొనాలనుకుంటున్నారు. దుకాణంలో సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న ‘ఎన్ని సీసీ?’ అని. గట్టి కలప విషయంలో అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్నలు ఉన్నాయి.

గట్టిదనాన్ని ఎలా కొలుస్తారు?

వృక్షశాస్త్రం ప్రకారం పూలు పూసే వెడల్పాకుల చెట్ల కలప అంతా ‘హార్డ్‌వుడ్’ కిందికే వస్తుంది. దూదిలా తేలికైన బాల్సా కూడా ఆ జాబితాలోనిదే. కాబట్టి పేరును బట్టి గట్టిదనాన్ని అంచనా వేయలేం. కొలవడానికి జంకా పరీక్ష ఉంది. 11.28 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఉక్కు గుండును సగం లోతు వరకు చెక్కలోకి దిగేలా నొక్కి, అందుకు ఎంత బలం పట్టిందో చూస్తారు. ఆ వింత కొలత వెనుక చిన్న లెక్క ఉంది. ఆ గుండు చేసే గుంట వైశాల్యం సరిగ్గా ఒక చదరపు సెంటీమీటరు.

అయితే రంపం పళ్లకు ఎదురయ్యేది ఈ గట్టిదనం ఒక్కటే కాదు. టేకులో సిలికా ఉంటుంది. ఇసుకలో ఉండే పదార్థమే ఇది. అందుకే టేకు మరీ గట్టి కలప కాకపోయినా పనిముట్ల పదునును త్వరగా తినేస్తుంది. చేవదేరిన తుమ్మ, చింతలది మరో రకం పరీక్ష. వాటి సాంద్రత ఎక్కువ కాబట్టి ప్రతి పన్నూ ఎక్కువ బలంతో కోయాలి. ఇక రోడ్డు పక్క చెట్ల బెరడులో దుమ్ము, కొన్నిసార్లు మేకులు కూడా ఉంటాయి.

పురుగు నేర్పిన పాఠం

తొలినాటి చైన్‌సాల పళ్లు చేతి రంపం పళ్లలాగే ఉండేవి. అవి చెక్కను గీరేవి, త్వరగా మొద్దుబారేవి. అమెరికాలోని ఓరెగాన్‌లో కలప కోసే జో కాక్స్ 1946లో ఓ మోడును తొలుస్తున్న పురుగు లార్వాను గమనించాడు. అది తన రెండు దవడలతో కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి చెక్కను చెక్కుకుంటూ సాగుతోంది. అదే పద్ధతిలో కుడి, ఎడమ పళ్లు మార్చి మార్చి వచ్చే గొలుసును కాక్స్ తయారు చేశాడు. నేటి చైన్ల ఆకృతికి అదే మూలం.

ఇప్పుడు ఆ గొలుసు పని ఎంతటిదో లెక్క వేద్దాం. సాధారణంగా దొరికే 3/8 అంగుళాల పిచ్ చైన్‌లో దాదాపు ప్రతి 38 మిల్లీమీటర్లకు ఒక పన్ను ఉంటుంది. 40 సెంటీమీటర్ల దుంగలో ఒకేసారి దాదాపు పది పళ్లు దిగి ఉంటాయి. చైన్ సెకనుకు 20 మీటర్ల వేగంతో తిరిగితే సెకనుకు అయిదు వందలకు పైగా పళ్లు కోతలోంచి దూసుకెళ్తాయి. కోత వెడల్పు ఏడు మిల్లీమీటర్లు అనుకుంటే, ఒక్క కోతకే దాదాపు లీటరు చెక్క పొట్టుగా మారుతుంది. ఇంజన్ శక్తి ఖర్చయ్యేది ఇక్కడే. పదును పోతే అదే శక్తి చెక్కను చీల్చడం మాని రాపిడిగా, వేడిగా మారుతుంది. అప్పుడు మనిషి యంత్రాన్ని నొక్కడం మొదలుపెడతాడు. పరీక్ష సులభం. రంపం నుంచి పొరలు పొరలుగా పెచ్చులు పడుతుంటే పదును ఉన్నట్టు. పిండిలాంటి పొట్టు రాలుతుంటే ఆకురాయి అందుకోవాల్సిన సమయం వచ్చినట్టు.

ఏ వరుసలో ఎంచుకోవాలి?

మొదట చైన్. పదునైన మూలలున్న ఫుల్ చిజెల్ పన్ను శుభ్రమైన మెత్తని కలపను వేగంగా కోస్తుంది. మూల గుండ్రంగా ఉండే సెమీ చిజెల్ పన్ను కాస్త నెమ్మది. కానీ దుమ్ము పట్టిన గట్టి చెట్లలో దాని పదును ఎక్కువసేపు నిలుస్తుంది. మన పరిస్థితులకు ఇదే మేలు.

తర్వాత బార్ పొడవు. కోయబోయే చెట్టు వ్యాసం కన్నా అయిదారు సెంటీమీటర్లు ఎక్కువుంటే చాలు. అవసరానికి మించి పొడవైతే బరువు, నియంత్రణ కష్టం రెండూ పెరుగుతాయి.

ఆ తర్వాతే ఇంజన్. 40 సెంటీమీటర్ల గట్టి దుంగలను తరచూ కోయాలంటే 50 సీసీ ప్రాంతపు పెట్రోల్ యంత్రం సరిపోతుంది. కొమ్మలకే అయితే కరెంటు లేదా బ్యాటరీ యంత్రం చాలు. కానీ 36 వోల్టులు, 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఉండేది 180 వాట్ అవర్ల శక్తి. 1,500 వాట్లు లాగితే అది ఏడు నిమిషాల్లో ఖాళీ అవుతుంది.

చేతులు, చెవులు, ప్రాణం

బార్ కొనలోని పైభాగం దేనికైనా తగిలితే పన్ను చెక్కలో ఇరుక్కుంటుంది. పరుగెత్తే గొలుసు వేగమంతా బార్‌ను మనిషి ముఖం వైపు ఎగరేస్తుంది. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. ఇదంతా సెకనులో పదో వంతులో జరిగిపోగలదు. మనిషి స్పందించడానికి కనీసం అయిదో వంతు సెకను కావాలి. అంటే మన నైపుణ్యం ఇక్కడ ఆలస్యంగా వస్తుంది. అందుకే దానంతటదే పడే చైన్ బ్రేక్ లేని యంత్రాన్ని ఎంత చవకైనా కొనకూడదు.

మరో ముప్పు నెమ్మదిగా వస్తుంది. ఏళ్ల తరబడి కంపనం వల్ల వేళ్లకు రక్తప్రసరణ దెబ్బతిని అవి తెల్లబడతాయి. యూరప్ నిబంధనల ప్రకారం ఎనిమిది గంటల పనికి చేతికి తగిలే కంపన పరిమితి 5 మీ/సె². అందుకే హ్యాండిల్‌కు, ఇంజన్‌కు మధ్య కంపనాన్ని తగ్గించే స్ప్రింగులు లేదా రబ్బరు ఉన్నాయేమో చూడాలి. శబ్దం వంద డెసిబెళ్లు దాటుతుంది కాబట్టి చెవి కవచాలు తప్పనిసరి.

తుఫానుకు కూలిన చెట్టు మరింత ప్రమాదకరం. వంగి ఇరుక్కున్న కొమ్మ లాగిన విల్లు లాంటిది. దాచుకున్న బలమంతా కోత పడగానే ఒక్కసారిగా విడుదలవుతుంది. శిక్షణ లేనివారు అలాంటి చెట్ల జోలికి వెళ్లకూడదు. నిలబడి ఉన్న చెట్టుకైతే ముందు అనుమతి కావాలేమో తెలుసుకోవాలి. తెలుగు రాష్ట్రాల్లో వాల్టా చట్టం 2002 నుంచి అమల్లో ఉంది. సూరత్‌లో ఉంటున్నవారు నగరపాలక సంస్థను, అటవీ శాఖను అడగాలి.

దుకాణంలో డబ్బు కట్టే ముందు మరో నాలుగు ప్రశ్నలు వేయండి. ఈ బార్‌కు సరిపడే సెమీ చిజెల్ చైన్ ఇక్కడే దొరుకుతుందా? దానికి ఎన్ని మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి వాడాలి? చైన్ బ్రేక్‌ను ఇప్పుడే పనిచేయించి చూపిస్తారా? పళ్లకు పదును పెట్టడం నేర్పుతారా? సమాధానాలు దొరికాక సీసీల సంగతి మాట్లాడుకోవచ్చు.