స్ప్రింగు చాకు: అసలుకూ నకిలీకీ భేదం

పిడి మీది బొత్తాం నొక్కగానే అలుగు దానంతట అదే బయటికి దూకే చాకును స్ప్రింగు చాకు అంటారు. తపాలాబిళ్ళలను, నాణేలను సేకరించినట్లే అమెరికాలోను, ఐరోపాలోను ఇటువంటి పాత చాకులను సేకరించేవారు చాలమంది ఉన్నారు. మంచి స్థితిలో ఉన్న పాత చాకుకు పెద్ద ధర పలుకుతుంది. ధర ఉన్నచోట మోసమూ ఉంటుంది. పాత పిడికి కొత్త అలుగు తగిలించి, లేదా కొత్త చాకు మీద పాత పేరు చెక్కి అమ్మేవారు లేకపోలేదు. వస్తువు అసలైనదో కాదో తేల్చటానికి కొంత చరిత్ర, కొంత లోహశాస్త్రం, కొంత రసాయనశాస్త్రం తెలిసి ఉండాలి.

ముందుగా దీని పనితీరు చూద్దాం. అలుగును మూసేటప్పుడు చేతి బలానికి లోపలి స్ప్రింగు వంగుతుంది. మూసినవాడు చేసిన పని స్ప్రింగులో స్థితిజశక్తిగా నిలిచి ఉంటుంది. ఒక చిన్న గొళ్లెం అలుగును కదలనీయకుండా పట్టి ఉంచుతుంది. బొత్తాం నొక్కితే గొళ్లెం తొలగుతుంది. నిలువ ఉన్న శక్తి గతిజశక్తిగా మారి అలుగు తెరుచుకుంటుంది. రెండవ ప్రపంచయుద్ధంలో జర్మనీ పారాచూటు సైనికులకు ఇచ్చిన చాకు పైకి ఇటువంటిదే అనిపించినా, దానిలో అలుగును తోసే స్ప్రింగు లేదు. మీట ఎత్తి పిడిని కిందికి వంచితే అలుగు తన బరువుతోనే జారి వస్తుంది. అది గురుత్వాకర్షణ చాకు. దానిని స్ప్రింగు చాకు పేర అమ్మేవాడికి వస్తువైనా తెలియదనుకోవాలి, లేదా కొనేవాడికి తెలియదని అతడు అనుకుంటున్నాడనుకోవాలి.

పరీక్షలో మొదటి సాక్షి, అలుగు మొదట్లో ఉండే ముద్ర. అమెరికాలో స్ప్రింగు చాకులకు పేరు తెచ్చినవాడు జార్జి ష్రేడ్. 1904లో న్యూయార్క్ రాష్ట్రపు వాల్డెన్ ఊరిలో ష్రేడ్ కట్లరీ కంపెనీ ఏర్పడింది. ఆ కంపెనీ 1946లో మరొక సంస్థ చేతికి వచ్చిన మీదట దాని పేరు ‘ష్రేడ్-వాల్డెన్’ అయింది. ఆ జంటపేరు ముద్రగల చాకును ఎవరైనా 1930 నాటిదని చెబితే ఆ మాట నిలవదు. అట్లాగే షెఫీల్డులో హారీ బ్రియర్లీ తుప్పుపట్టని ఉక్కును తయారుచేసినది 1913లో. ‘స్టెయిన్‌లెస్’ అనే మాట అలుగు మీద ఉంటే అది అంతకు పూర్వపుది కాజాలదు. ‘పశ్చిమ జర్మనీ’ అని ఉంటే 1949కి ముందుది కాదు, ఏలననగా ఆ రాజ్యమే అప్పుడు ఏర్పడింది.

ఇక్కడ ఒక తర్కసూత్రం గుర్తుంచుకోవాలి. ముద్రకు, చెప్పిన కాలానికి పొత్తు కుదరకపోతే ఆ కథ అబద్ధమని తేలిపోతుంది. కాని పొత్తు కుదిరినంత మాత్రాన వస్తువు నిజమైనదని రుజువు కాదు. మోసగాడు కూడ తేదీలు చదువుకొని ఉండవచ్చు. అందుచేత ముద్ర రూపాన్ని కూడ భూతద్దంతో చూడాలి. ఉక్కు అచ్చుతో కొట్టిన అక్షరాల చుట్టూ లోహం నొక్కుకుపోయిన జాడ ఉంటుంది. ఆమ్లంతో తినిపించిన అక్షరాలు లోతు తక్కువగా ఉండి, వాటి అడుగు గరుకుగా కనబడుతుంది. అచ్చుముద్ర వేసే కంపెనీ చాకు మీద ఇట్టి అక్షరాలు కనబడితే సందేహించాలి.

రెండవ సాక్షి పిడి. పాత చాకుల పిడికి ఎముక, కొమ్ము, సెల్యులాయిడ్ వంటివి వాడేవారు. ఎముకలో రక్తనాళాలు పోయిన సన్నని రంధ్రాలు నల్లని చుక్కలుగా, గీతలుగా కనిపిస్తాయి. ఏనుగు దంతపు అడ్డుకోతలో ఒకదానినొకటి ఖండించుకొనే వంపుగీతలుంటాయి. సెల్యులాయిడ్ నైట్రోసెల్యులోజుతో, కర్పూరంతో చేసిన పదార్థం. బొటనవేలితో గట్టిగా రుద్ది వేడెక్కించి వాసన చూస్తే తరచుగా కర్పూరం తెలుస్తుంది. కాల్చిన సూదితో గుచ్చి చూడటం మాత్రం పనికిరాదు. సెల్యులాయిడ్ భగ్గున మండుతుంది.

సెల్యులాయిడ్ ఏళ్ళు గడిచేకొద్దీ శిథిలమై నైట్రోజన్ ఆక్సైడులను వదలుతుంది. ఇవి గాలిలోని తేమతో కలిసి ఆమ్లమవుతాయి. ఆ ఆమ్లం అలుగును తుప్పు పట్టిస్తుంది, ఇత్తడి భాగాలకు పచ్చని చిలుము తెస్తుంది. కావున సెల్యులాయిడ్ పిడి కుంచించి పగుళ్ళు వారి ఉండగా, లోపలి అలుగు అద్దంలా మెరుస్తుంటే ప్రశ్నించాలి: అలుగు మార్చారా? సానబట్టి మెరుగుపెట్టారా? రెండింటిలో ఏది జరిగినా వస్తువు మొదటి స్థితిలో లేదన్నమాట.

మూడవ సాక్షి అరుగుదల. పలుమార్లు నూరిన అలుగు సన్నబడుతుంది. అటువంటి చాకు బొత్తాం, రివెట్లు కొత్తవిగా ఉండకూడదు. విప్పి తిరిగి బిగించిన రివెట్టు చుట్టూ సుత్తిదెబ్బలో, ఆకురాయి గీతలో మిగులుతాయి. తుప్పు కూడ చూడదగినది. నెమ్మదిగా పట్టిన పాత తుప్పు ముదురురంగులో, చోటుచోటుకు భేదంగా ఉంటుంది. ఆమ్లం పూసి తెప్పించినది ఎర్రగా, అంతటా ఒకే తీరుగా ఉంటుంది. ఉక్కు రకం తేల్చటానికి అయస్కాంతం చాలదు. చాకులకు వాడే తుప్పుపట్టని ఉక్కు కూడ దానికి అంటుకుంటుంది. ప్రయోగశాలలో ఎక్స్-కిరణాల ప్రతిదీప్తి పద్ధతిలో, అలుగును గీయకుండానే, క్రోమియం ఎంత ఉన్నదో తెలుసుకోవచ్చు.

ఇందువల్ల కొన్న వెంటనే చాకును తోమి మెరిపించటం పెద్ద పొరపాటు. మురికితో పాటు సాక్ష్యం కూడ పోతుంది. సెల్యులాయిడ్ పిడి చాకును మిగతావాటితో కలిపి మూసిన పెట్టెలో ఉంచరాదు. ఒకటి చెడితే దాని ఆవిరి పక్కవాటిని చెరుస్తుంది.

మరొక సంగతి. అమెరికాలో 1958లో వచ్చిన చట్టం ఈ చాకుల అంతర్రాష్ట్ర వ్యాపారాన్ని నిషేధించింది. బ్రిటన్ 1959లో తయారీని, అమ్మకాన్ని ఆపివేసింది. పాత చాకులు అరుదు కావటానికి, నకిలీలకు గిరాకి పెరగటానికి ఇది ఒక కారణం. భారతదేశంలో కూడ 1959 నాటి ఆయుధ చట్టం ఉన్నది. కాబట్టి సేకరించదలచినవారు చాకు వయస్సు విచారించటానికి ముందే చట్టం ఏమంటున్నదో విచారించాలి. అమ్మేవాడు చెప్పే కథ ఎంత ముచ్చటగా ఉన్నా, ముద్ర, పిడి, అరుగుదల మూడూ ఒకే మాట చెప్పినప్పుడే దానిని నమ్మటం మంచిది.