పరదేశమున కాపురము

గడ్డిఅన్నారము వీథులలో ఇద్దరు పెద్దలు కలిసికొన్నచో కుశలప్రశ్న ముగిసిన వెంటనే వచ్చు మాట ఒక్కటే: ‘పిల్లలెక్కడ నున్నారు?’ డల్లాసు అనియో, న్యూజెర్సీ అనియో, అట్లాంటా అనియో ప్రత్యుత్తరము వచ్చును. రెండవ ప్రశ్న, ‘ఇల్లు కొన్నారా?’ మూడవది, ‘గ్రీనుకార్డు వచ్చినదా?’ ఈ మూడింటితో సంభాషణ తీఱిపోవును. కోడలు అచ్చట పగలెల్ల ఏమి చేయుచున్నది, అల్లుని ఉద్యోగము పోయినచో ఎన్ని దినములలో ఆ దేశము విడువవలసియుండును అను ప్రశ్నలను ఎవరును వేయరు. మన పత్రికలును వేయుట లేదు. 2025 సెప్టెంబరులో హెచ్-1బి వీసాకు లక్ష డాలర్ల రుసుము విధింపబడినపుడు వారముల తరబడి వ్రాసితిమి. ద్వారము చెంత చెల్లింపవలసిన సుంకమును గుఱించి ఇంత కోలాహలము చేసిన మనము, ద్వారము దాటిన కుటుంబము లోపల ఎట్లున్నదో విచారింపలేదు. పరదేశమున కాపురము నిలుచుట జీతముచేత మాత్రమే కాదు. భార్యకును బిడ్డకును ఆ దేశమున తమంతట తమకు ఏ హక్కు కలదను దానిపై అది యాధారపడియున్నది. ఆ సంగతినే ఇచ్చట విచారింపదలచితిమి.

ఈ పేటవారికి వలస క్రొత్త కాదు. విజయవాడ రహదారి చెంతనున్న ఈ ప్రాంతమునకు నల్లగొండ, ఖమ్మము, మహబూబునగరము జిల్లాల నుండి చిల్లర వర్తకులు, గుమాస్తాలు, బడిపంతుళ్లు వచ్చి చేరిరి. 1986లో పండ్ల మార్కెట్టు ఇచ్చటికి వచ్చినది. అది ఇప్పుడు బాటసింగారమునకు తరలిపోయినది. ప్రత్యేక పురపాలక సంఘముగా నున్న గడ్డిఅన్నారము 2007లో మహానగరమున కలిసిపోయినది. ఆ దినములలో పల్లె విడిచి రెండు గదుల అద్దె యింట కాపురము పెట్టిన గృహిణికి కష్టములు లేకపోలేదు. నీటి కుండలు మోసినది, ఇంటి యజమానురాలి మాటలు పడినది. కాని వారము తిరుగకముందే ప్రక్కయింటి అక్క పరిచయమైనది, కిరాణా దుకాణములో ఖాతా తెరవబడినది, మనసు తోచకున్నచో పుట్టింటికి బస్సు ఉన్నది. ఆమె కుట్టుపని పెట్టుకొన్నను, బడిలో పంతులమ్మగా చేరినను, ‘నీ భర్త కాగితము చూపుము’ అని యడిగినవారు లేరు. ఈ చిన్న సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. ఆ గృహిణి పెంచిన పిల్లలే దిల్‌సుఖ్‌నగర్ శిక్షణాలయములలో చదివి, చిలుకూరు బాలాజీకి ప్రదక్షిణములు చేసి, అమెరికాకు విమానమెక్కినారు.

తెలుగువారు సముద్రము దాటుట నేటి మాట కాదు. కోరంగి రేవు నుండి మారిషసునకు, బర్మాకు కూలికి పోయినవారెందరో. ఉద్యోగపు వలసలో కుటుంబమును వెంటబెట్టుకొని పోవుట మాత్రము ఆలస్యముగా కలిగిన భాగ్యము. ఇల్లాలిని స్వదేశమున విడిచి 1922లో బోస్టను చేరిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1948లో మరణించువఱకు తిరిగి రాలేదు. ఆ దంపతులు మఱల కలిసికొననేలేదు. హిందూదేశీయులకు పౌరసత్వార్హత నిచ్చు చట్టము అమెరికాలో 1946లో గాని రాలేదు. జాతులవారీ కోటాలను తొలగించిన 1965 నాటి చట్టముతో ద్వారము తెరువబడినది. 1990 నాటి చట్టము హెచ్-1బి అను తాత్కాలికోద్యోగపు వీసాను ఏర్పఱచినది. గడ్డిఅన్నారపు బిడ్డలలో ఉద్యోగమునకు పోయినవారు పెక్కురు ఈ వాకిటినే పోయినవారు.

ఈ వీసా ఉద్యోగికి మొదట మూడేండ్లు, పిమ్మట మఱి మూడేండ్లు గడువిచ్చును. భార్యకు వచ్చునది హెచ్-4 అను ఆధారిత వీసా. (భార్య ఉద్యోగస్థురాలై భర్త ఆధారితుడైన యిండ్లును కలవు, వారి కష్టమును ఇట్టిదే.) ఆధారితురాలు చదువుకొనవచ్చును, జీతము పుచ్చుకొనరాదు. ఇచ్చట మాదాపూరులో తన జీతముతో తల్లిదండ్రులకు మందులు కొన్న పిల్ల, అచ్చట కూరగాయలకై భర్త నడుగవలెను. ఉద్యోగానుమతి లేనివారికి సోషల్ సెక్యూరిటీ సంఖ్య ఇయ్యరు. ఆ దేశమున ఋణచరిత్ర లేనివారిని బ్యాంకులును, ఇంటి యజమానులును నమ్మరు. ఇచ్చట పదేండ్లు సక్రమముగా వాయిదాలు కట్టిన పేరు సముద్రము దాటదు. నగరోపాంతములలో బస్సులు అరుదు గనుక కారు నడుపుట వచ్చువఱకు ఆమె లోకము అపార్టుమెంటు ఆవరణయే. మంచు పడు నెలలలో అదియును లేదు.

పెండ్లిచూపులలో పిల్ల చదివిన చదువును, చేయుచున్న ఉద్యోగమును మనము ఎంత పట్టుదలతో అడిగెదమో, పెండ్లియైన మఱునాడు ఆ చదువును అంత సులభముగా పెట్టె అడుగున పెట్టించెదము. ఇందలి తప్పు అమెరికా చట్టముది మాత్రమే కాదు.

2015 మే 26 నుండి అమలునకు వచ్చిన నిబంధన కొంత యుపశమనము కలిగించినది. భర్త పక్షమున యజమాని వేసిన స్థిరనివాసపు అర్జీ ఆమోదము పొందినచో భార్య ఉద్యోగానుమతి కోరవచ్చును. ఆ యామోదము వచ్చుటకు తఱచు కొన్ని యేండ్లు పట్టును. వచ్చిన పిదప గ్రీనుకార్డు వెంటనే చేతికి రాదు. ఉద్యోగమూలమున సంవత్సరమున కిచ్చునవి సుమారు 1,40,000. ఏ యొక్క దేశమువారికిని సాధారణముగా నూటికి ఏడుకు మించి యియ్యరు. పైగా భార్యాబిడ్డలను గూడ ఆ లెక్కలోనే చేర్చుదురు. అందుచేత మనవారి వరుస పదేండ్లకు పైబడి సాగుచున్నది.

ఇట్టి స్థితిలో బిడ్డ పుట్టును. పురిటికి తల్లి గడ్డిఅన్నారము నుండి పోవును. సందర్శకుల అనుమతి సాధారణముగా ఆఱు నెలలు. ఆమె తిరిగివచ్చునప్పటికి అత్తగారు బయలుదేరును. ఇట్లు ఒక బిడ్డకు ఏడాది నిండుటకు రెండు కుటుంబముల పెద్దలు వంతులు వేసికొనుచున్నారు. ఆ ఆఱు నెలలు ఇచ్చట తండ్రి కర్రీ పాయింటు నుండి రెండు పొట్లములు తెచ్చుకొని కాలము గడుపును. ఈ వ్యయమును ఎవరును లెక్కలో చూపరు.

అచ్చటి ప్రభుత్వపు బడులు ఉచితములు. ఇల్లు ఏ బడి పరిధిలోనున్నదో ఆ బడియే దక్కును గాన మనవారు మంచి బడిని చూచి అధికమైన అద్దె నిచ్చియైనను అచ్చటనే దిగుదురు. అందువలన కొన్ని వీథులు తెలుగు వీథులైనవి. ఇడ్లీ పిండి ఇరుగుపొరుగులకు పంపుకొనుట, ఒకరి బిడ్డను మఱియొకరు బడినుండి తెచ్చుట, క్రొత్తగా వచ్చిన పిల్లకు కారు నేర్పుట, ఇవన్నియు ఆ వీథులలోని స్త్రీలే నిర్వహించుచున్నారు. నిజమైన కాపురము వారివలననే నిలుచుచున్నది. అమెరికాలో ఇంట తెలుగు మాటలాడువారు 2010కిని 2017కును నడుమ నూటికి 86 వంతులు పెరిగిరని అచ్చటి జనాభా లెక్కల ననుసరించి తేలినది. 2007లో సిలికానాంధ్ర వారు ప్రారంభించిన మనబడి వంటి సంస్థలు సెలవు దినములలో అక్షరములు నేర్పుచున్నవి. అయినను బడిలో చేరిన ఏడాదికే పసివాడు తల్లి తెలుగున అడిగినదానికి ఇంగ్లీషున బదులు చెప్పును. గడ్డిఅన్నారములోని తాత దృశ్యఫోనులో ‘ఏమిరా నాయనా, అన్నము తింటివా?’ అని యడిగినచో, వాడు తల్లి ముఖము చూచును.

అంతకంటె కఠినమైన సంగతి మఱియొకటి కలదు. ఆ దేశమున పుట్టిన బిడ్డ అచ్చటి రాజ్యాంగపు పదునాల్గవ సవరణ ననుసరించి పౌరుడు. తాత్కాలిక వీసాలవారి బిడ్డలకు ఆ హక్కును తీసివేయుటకై 2025 జనవరి 20న వెలువడిన అధ్యక్షుని ఉత్తరువును న్యాయస్థానములు అడ్డగించినవి. ఆ వ్యాజ్యము అత్యున్నత న్యాయస్థానము వఱకు పోయినది. ఇచ్చట పుట్టి మూడేండ్ల వయస్సున వెంటపోయిన బిడ్డ యన్ననో ఆధారితుడు మాత్రమే. గ్రీనుకార్డు రాకముందే 21 ఏండ్లు నిండినచో వాని ఆధారిత స్థితి రద్దగును. విద్యార్థిగనో, మఱియొక విధముగనో వీసా సంపాదింపవలెను. లేనిచో తాను ఎఱుగని స్వదేశమునకు రావలెను. ఒక కంచమున తిన్న అక్కాతమ్ములకు రెండు వేఱు చట్టములు!

ఆధారిత స్థితి యనగా నేమియో 2017 ఫిబ్రవరి 22న కాన్సాసులోని ఒలేతాలో కూచిభొట్ల శ్రీనివాస్ హత్యకు గుఱియైనపుడు లోకమునకు తెలిసినది. ఆయనను చంపినది జాతిద్వేషము. భర్త మరణముతోపాటు భార్య ఆ దేశమున నివసించు హక్కు గూడ పోయినది. అంత్యక్రియలకై హైదరాబాదు వచ్చిన ఆమె తిరిగి తన యింటికి పోగలదా యను ప్రశ్న పుట్టినది. ఒక కాంగ్రెసు సభ్యుడు పూనుకొని తాత్కాలికానుమతి ఇప్పించెను. అట్టి సభ్యుడు ప్రతి వితంతువునకు దొరకునా? మరణము మాట యటుండనిండు. ఉద్యోగము పోయినచో 60 దినముల గడువు మాత్రమే కలదు. ఆ రెండు మాసములలో క్రొత్త యజమాని దొరకవలెను, లేదా స్థితి మార్చుకొనవలెను, లేదా బిడ్డను బడి నడుమ మాన్పించి సామాను అమ్ముకొనవలెను.

పరదేశపు వీసా చట్టమును మనము మార్చలేము. మన చేతిలోని పనులను గూడ మనము చేయుట లేదు. 1922 నాటి వలస చట్టము స్థానమున వచ్చిన 1983 నాటి మన వలస చట్టము ముఖ్యముగా గల్ఫు మున్నగు దేశములకు పోవు శ్రామికులపై దృష్టి నిలిపినది. వారికి 2018 నుండి ప్రయాణ పూర్వ శిక్షణ కలదు. అది మంచి పని. అమెరికాకు పోవువారు చదువుకొన్నవారు గదా యని సర్కారు వారిని వారి మానమునకు విడిచినది. భర్త చదువుకొన్నవాడగుటచే భార్యకు హక్కులు తెలియునని అనుకొనుట పొరపాటు. ఇంట దౌర్జన్యము జరిగినచో ఎవరిని పిలువవలెను, బిడ్డ పుట్టినచో ఏ కాగితములు తీసికొనవలెను, తన పేర బ్యాంకు ఖాతా యెట్లు తెరువవలెను అను విషయములను తెలుగున వ్రాసిన చిన్న పుస్తకమును, ఒక ఆదివారపు తరగతిని దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఏర్పాటు చేయవచ్చును. అద్దె హాలు ఖర్చు తప్ప వేఱు ఖర్చు లేదు.

రెండవది డబ్బు సంగతి. హెచ్-1బి ఉద్యోగి తన జీతమునుండి నూటికి 6.2 వంతున సోషల్ సెక్యూరిటీ పన్ను చెల్లించును. యజమానియు అంతే చెల్లించును. వృద్ధాప్యమున పింఛను రావలెనన్నచో 40 త్రైమాసికములు, అనగా పదేండ్లు పనిచేసియుండవలెను. వీసా సాధారణ గడువైన ఆఱేండ్లలో 24 త్రైమాసికములే యగును. లక్ష డాలర్ల జీతగాడు ఆఱేండ్లలో 37,200 డాలర్లు కట్టి, తిరిగివచ్చినచో చేతికి దమ్మిడీ రాదు. జర్మనీ, ఫ్రాన్సు మున్నగు దేశములతో మనకు సాంఘిక భద్రతా ఒడంబడికలు కలవు. అమెరికాతో మాత్రము ఏండ్ల తరబడి సంప్రదింపులే గాని ఒడంబడిక లేదు. విదేశాంగ మంత్రిని పార్లమెంటులో ఈ విషయమై నిలదీయవలసినవారు తెలుగు జిల్లాల సభ్యులు. వారి నియోజకవర్గముల నుండియే ఈ సొమ్ము పోవుచున్నది.