పదిహేడేళ్ల కుర్రాడిపై కేసు పడితే: వయసు తేల్చేది ఏ కాగితం?

సూరత్ రింగ్ రోడ్ బట్టల మార్కెట్లలో దేశం నలుమూలల నుంచి వలస వచ్చినవారు పనిచేస్తుంటారు. తెలంగాణ నుంచి వెళ్లిన చేనేత కుటుంబాలూ ఈ నగరంలో చాలానే స్థిరపడ్డాయి. అక్కడి ఓ దుకాణంలో దొంగతనం జరిగి, పోలీసులు ఓ తెలుగు కుర్రాడిని పట్టుకున్నారనుకుందాం. అప్పుడు చట్టం అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: నేరం జరిగిన రోజుకు అతని వయసెంత?

2016 జనవరి 15 నుంచి అమల్లో ఉన్న బాలల న్యాయ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండకపోతే బాలుడే. ఏడేళ్లలోపు పిల్లలు చేసింది అసలు నేరమే కాదు.

పట్టుకున్నాక ఏం చేయాలి?

బాలుడిని లాకప్‌లో గానీ, జైల్లో గానీ పెట్టకూడదు. 24 గంటల్లోగా జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. బోర్డులో ఒక మేజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకరైనా మహిళ కావాలి. బెయిల్ ఇవ్వడమే ఇక్కడ నియమం, నిరాకరించాలంటే కారణాలు రాయాలి. బాలుడి పేరు, ఫొటో ప్రచురించడం నేరం.

శిక్ష ఎంత?

చట్టం నేరాలను మూడు రకాలుగా చూస్తుంది. గరిష్ఠ శిక్ష మూడేళ్లలోపైతే చిన్న నేరం, మూడు నుంచి ఏడేళ్లైతే తీవ్ర నేరం. కనీస శిక్షే ఏడేళ్లు, ఆపైన ఉంటే ఘోర నేరం. మొదటి రెండింటిలో మందలింపు, కౌన్సెలింగ్, సమాజ సేవ మొదలుకొని గరిష్ఠంగా మూడేళ్లు ప్రత్యేక గృహంలో ఉంచడం వరకు బోర్డు ఆదేశించవచ్చు. 16 ఏళ్లలోపు వారికి ఏ నేరమైనా ఇదే పరిమితి.

16 నిండినవారు ఘోర నేరం చేశారన్న ఆరోపణ ఉంటే దారి మారుతుంది. వారి మానసిక, శారీరక సామర్థ్యాన్ని, పర్యవసానాలు తెలిసే చేశారా అన్నదాన్ని బోర్డు మూడు నెలల్లో అంచనా వేయాలి. ఆ తర్వాత పెద్దల్లాగే విచారించాలని బాలల కోర్టుకు పంపవచ్చు. హైదరాబాద్ జూబ్లీహిల్స్ సామూహిక అత్యాచారం కేసులో ఐదుగురు మైనర్లలో నలుగురి విషయంలో 2022 సెప్టెంబర్‌లో బోర్డు అలాగే ఆదేశించింది. అలా విచారించినా ఉరిశిక్ష గానీ, విడుదలకు ఆస్కారం లేని యావజ్జీవం గానీ వేయకూడదు. కాబట్టి ‘మైనర్ అయితే ఏమీ కాదు’ అన్న మాట నిజం కాదు.

అసలు చిక్కు

ఇదంతా వర్తించాలంటే వయసు రుజువు కావాలి. స్కూలు ఇచ్చిన పుట్టినతేదీ పత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్‌ను ముందు చూస్తారు. అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ జనన ధ్రువపత్రం చూస్తారు. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. కానీ ఆ పరీక్ష ఉజ్జాయింపు వయసే చెబుతుంది, పుట్టినతేదీ చెప్పలేదు. 17కూ 19కీ మధ్య ఉన్న కుర్రాడికి ఆ తేడా బోర్డుకూ మామూలు కోర్టుకూ మధ్య ఉన్న తేడా.

వలస కుటుంబాలకు దెబ్బ తగిలేది ఇక్కడే. ఊరి బడి మధ్యలో మానేసి మార్కెట్ పనిలో చేరిన పిల్లవాడి రికార్డు వందల మైళ్ల దూరంలో ఉంటుంది. సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. అక్కడ చదివిన పిల్లలకు ఆ రిజిస్టరే ఆధారం అవుతుంది. తీర్పు తర్వాతైనా సరే, ఏ దశలోనైనా, ఏ కోర్టులోనైనా మైనర్‌నని చెప్పుకునే హక్కు చట్టం ఇచ్చింది. ఆ హక్కు అక్కరకు రావాలంటే మాత్రం పుట్టినతేదీ పత్రం పిల్లవాడితో పాటే ఊరు దాటాలి.