పెద్ద పేరు, చిన్న స్పీకర్: ధర తగ్గితే నాణ్యత ఎంత తగ్గుతుంది?

ఆడియో రంగంలో కొన్ని కంపెనీల పేరు చెప్పగానే లక్షల రూపాయలు ఖరీదు చేసే స్పీకర్లు గుర్తొస్తాయి. అవే కంపెనీలు మధ్యతరగతి కుటుంబాలకు అందుబాటులో ఉండేలా చిన్న, చవక స్పీకర్లనూ అమ్ముతుంటాయి. పెట్టె మీద పేరు ఒకటే. ధర మాత్రం పదో వంతో, ఇరవయ్యో వంతో ఉంటుంది. మరి ఆ పేరు తెచ్చిపెట్టిన శబ్దం కూడా ఆ చిన్న పెట్టెలో ఉంటుందా? లేక 'పేరు గొప్ప, ఊరు దిబ్బ' అన్న సామెతే నిజమవుతుందా?

ఇది అభిరుచికి మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. శబ్దశాస్త్రంలో దీనికి చాలా వరకు కొలవదగిన సమాధానమే ఉంది. ఏది డబ్బుతో వస్తుంది, ఏది డబ్బు పెట్టినా రాదు, ఏది మన కళ్లు మన చెవులకు చెప్పే అబద్ధం అన్న మూడు విషయాలు తేలితే కొనేవారికి పని సులువవుతుంది.

స్పీకర్ చేసే పని

స్పీకర్ అంటే గాలిని కదిపే యంత్రం. ఆంప్లిఫయర్ నుంచి వచ్చే విద్యుత్తు అయస్కాంతం మధ్యలో ఉన్న తీగచుట్ట గుండా ప్రవహిస్తుంది. తీగచుట్ట ముందుకూ వెనక్కూ కదులుతుంది. దానికి అతికించిన కోన్ గాలిని నెట్టి శబ్ద తరంగాలను పుట్టిస్తుంది.

మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వినగలదు. 20 హెర్ట్జ్ తరంగం పొడవు గాలిలో సుమారు 17 మీటర్లు. 20,000 హెర్ట్జ్ తరంగం పొడవు రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. ఇంత తేడా ఉన్న తరంగాలన్నిటినీ ఒకే కోన్ సమానంగా పలికించలేదు. అందుకే కింది స్థాయి శబ్దాలకు వూఫర్, పై స్థాయి శబ్దాలకు ట్వీటర్ అని పని పంచుతారు. ఏ శబ్దం ఎటు వెళ్లాలో క్రాసోవర్ అనే సర్క్యూట్ నిర్ణయిస్తుంది. వీటన్నిటినీ పట్టి ఉంచే చెక్కపెట్టె తాను మాత్రం కంపించకూడదు.

ఏ కంపెనీ దాటలేని హద్దు

బేస్ దగ్గర భౌతికశాస్త్రం గట్టిగా అడ్డుపడుతుంది. పౌనఃపున్యం సగానికి తగ్గితే, అదే శబ్ద తీవ్రత కోసం నాలుగు రెట్లు గాలిని కదపాలి. 80 హెర్ట్జ్ దగ్గర తేలిగ్గా పలికే స్పీకర్ 40 హెర్ట్జ్ దగ్గర అంతే గట్టిగా పలకాలంటే దాని కోన్ నాలుగు రెట్ల దూరం కదలాలి, లేదా కోన్ వైశాల్యం నాలుగు రెట్లు ఉండాలి. అంటే 13 సెంటీమీటర్ల కోన్ స్థానంలో 26 సెంటీమీటర్ల కోన్ కావాలి.

పెట్టె సైజు విషయంలోనూ ఇలాంటి పరిమితే ఉంది. అమెరికన్ కంపెనీ కేఎల్‌హెచ్ వ్యవస్థాపకుల్లో ఒకరైన ఆంటన్ హాఫ్‌మన్ పేరు మీద దీన్ని 'హాఫ్‌మన్ ఇనుప నియమం' అంటారు. చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ విద్యుత్తుతో ఎక్కువ శబ్దం అనే మూడింటిలో ఏవైనా రెండే దొరుకుతాయి. మూడోదాన్ని వదులుకోవాలి. ఆ తర్వాత ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, రిచర్డ్ స్మాల్ ఈ సంబంధాలను సమీకరణాల రూపంలోకి తెచ్చారు. నేటికీ స్పీకర్ల రూపకల్పనలో వారి పేరుతోనే ఉన్న కొలతలు వాడుతున్నారు.

కాబట్టి ఎంత పెద్ద కంపెనీ చేసినా అరచేతిలో పట్టే బ్లూటూత్ స్పీకర్ నిలువెత్తు స్పీకర్‌లా పలకదు. అయినా చిన్న స్పీకర్‌లో బేస్ ఉన్నట్టు ఎలా అనిపిస్తుంది? దీనికి మెదడు చేసే ఒక చమత్కారం కారణం. 60 హెర్ట్జ్ స్వరం మోగినప్పుడు దానితోపాటు 120, 180, 240 హెర్ట్జ్ అనుస్వరాలూ పుడతాయి. స్పీకర్ 60 హెర్ట్జ్‌ను పలికించలేకపోయినా, మిగతా అనుస్వరాల మధ్య దూరాన్ని బట్టి మూలస్వరాన్ని మెదడే పూరించుకుంటుంది. చాలా చిన్న స్పీకర్లలోని సాఫ్ట్‌వేర్ ఈ లక్షణాన్ని కావాలనే వాడుకుంటుంది. స్వరస్థాయి తెలుస్తుంది కానీ, ఛాతీకి తగిలే ఆ బరువు మాత్రం రాదు.

పైనుంచి కిందికి దిగే పరిజ్ఞానం

ఖరీదైన మోడల్ కోసం చేసిన పరిశోధన కొన్నేళ్లకు చవక మోడల్‌లోకి వస్తుందని కంపెనీలు చెబుతుంటాయి. ఇది ప్రకటనల మాటేనా, నిజమా? బ్రిటన్‌కు చెందిన కేఈఎఫ్ కంపెనీ ఉదాహరణతో చూడవచ్చు.

రేమండ్ కుక్ 1961లో కెంట్ కౌంటీలోని మెయిడ్‌స్టోన్‌లో ఈ కంపెనీని స్థాపించారు. 1988లో ఇది 'యూని-క్యూ' అనే అమరికను తెచ్చింది. ఇందులో ట్వీటర్ వూఫర్‌కు పైన కాకుండా వూఫర్ మధ్యలోనే కూర్చుంటుంది. రెండింటి శబ్దమూ ఒకే బిందువు నుంచి వస్తుంది. చిన్న పరిమాణంలోనే గొప్ప బలం ఉన్న నియోడిమియం అయస్కాంతాలు 1980ల్లో రావడం వల్లే ట్వీటర్‌ను అంత చిన్నగా చేయడం సాధ్యమైంది. దీనివల్ల సోఫాలో మధ్యన కూర్చున్నవారికీ, పక్కన కూర్చున్నవారికీ శబ్దం దాదాపు ఒకేలా చేరుతుంది.

కంపెనీ 50 ఏళ్ల సందర్భంగా 2012లో ఎల్ఎస్50 అనే చిన్న స్పీకర్‌ను విడుదల చేసింది. అది ఎంతో పేరు తెచ్చుకుంది. 2017లో సగం కంటే తక్కువ ధరకు క్యూ150 వచ్చింది. రెండింటిలోనూ 13 సెంటీమీటర్ల యూని-క్యూ డ్రైవరే ఉంది. పెట్టెల ఎత్తు దాదాపు ఒకటే. కంపెనీ ప్రకటించిన లెక్కల ప్రకారం, మూడు డెసిబెల్స్ తేడాకు మించకుండా ఎల్ఎస్50 పలికే కనిష్ఠ స్థాయి 79 హెర్ట్జ్ కాగా, క్యూ150ది 51 హెర్ట్జ్. అంటే చవక స్పీకర్ బేస్‌లో వెనకబడలేదు సరికదా, కాగితం మీద ఒకడుగు ముందే ఉంది.

ఈ ఒరవడి ఆగలేదు. ట్వీటర్ వెనుక వైపు పుట్టే అనవసర శబ్దాన్ని పీల్చుకునేందుకు ఈ కంపెనీ మెటామెటీరియల్‌తో చేసిన ఒక బిళ్లను రూపొందించింది. అందులో చిక్కుదారుల్లాంటి సన్నని మార్గాలు ఉంటాయి. ఒక్కో మార్గం ఒక్కో పౌనఃపున్య శ్రేణిని మింగేస్తుంది. 2020లో ఎల్ఎస్50 మెటాతో ఇది మార్కెట్లోకి వచ్చింది. 2024 నాటికి కంపెనీ తక్కువ ధర శ్రేణి అయిన క్యూ సిరీస్‌లోకీ చేరింది. నాలుగేళ్లలో పై అంతస్తు పరిజ్ఞానం కింది అంతస్తుకు దిగిందన్నమాట.

ఇది ఎందుకు సాధ్యమవుతుంది? పరిశోధనకు ఖర్చు ఒకసారే అవుతుంది. కోన్ ఆకారం, ట్వీటర్ ముందు ఉండే గాడి వంపు, క్రాసోవర్ లెక్కలు ఒకసారి తేలాక వాటిని మళ్లీ వాడుకోవడానికి పెద్దగా ఖర్చు కాదు. జ్ఞానం చవగ్గా కిందికి దిగుతుంది. పదార్థం మాత్రం ప్రతి పెట్టెకూ కొత్తగా కొనాల్సిందే.

కోత పడేది ఎక్కడ?

అందుకే కోత ఎక్కువగా పదార్థం మీదే పడుతుంది. ఎల్ఎస్50 ముందు పలక వంపు తిరిగి, గ్లాస్ ఫైబర్ కలిపిన మిశ్రమంతో పోతపోసి ఉంటుంది. ఆ వంపు వల్ల పెట్టె అంచుల దగ్గర తరంగాలు చెదరడం తగ్గుతుంది. క్యూ150 ముందు పలక మామూలు బల్లపరుపు ఎండీఎఫ్. లోపలి బిగింపులు తక్కువ. బరువు చూసినా తేడా తెలుస్తుంది. ఎల్ఎస్50 ఒక్కొక్కటి 7.2 కిలోలు, క్యూ150 5.6 కిలోలు. తేలికైన పెట్టె గోడలు ఎక్కువగా కంపిస్తాయి. శబ్దం గట్టిగా పెట్టినప్పుడు గొంతుల్లో, వీణ తీగల్లో ఆ కంపనం సన్నని మసకలా కలుస్తుంది. మామూలు స్థాయిలో వినేటప్పుడు చాలామంది దాన్ని గుర్తించకపోవచ్చు.

కొన్ని కోతలు చెవికి అసలే తెలియవు. పైపూతగా అసలైన కలప పలక బదులు వినైల్ అతికించడం ఇలాంటిదే. ట్వీటర్ పదార్థం విషయంలోనూ జాగ్రత్తగా ఆలోచించాలి. మరో బ్రిటిష్ కంపెనీ బోవర్స్ అండ్ విల్కిన్స్ తన అత్యంత ఖరీదైన శ్రేణిలో కృత్రిమ వజ్రంతో చేసిన ట్వీటర్ వాడుతుంది. అది సుమారు 70,000 హెర్ట్జ్ వరకు ఆకారం చెదరకుండా కదులుతుందని కంపెనీ చెబుతుంది. లోహపు ట్వీటర్‌కు ఈ హద్దు అంతకంటే చాలా తక్కువ. అయితే మంచి లోహపు ట్వీటర్‌లో అది కూడా మనిషి వినికిడి హద్దు అయిన 20,000 హెర్ట్జ్‌కు పైనే ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ మన హద్దు ఇంకా కిందికి దిగుతుంది. వజ్రానికి పెట్టే డబ్బులో ఎంత భాగం చెవికి చేరుతుందన్నది అక్కడే తేలిపోతుంది.

కళ్లు మూసుకుని వింటే

స్పీకర్ నాణ్యతను ప్రయోగాల ద్వారా తేల్చే పని కెనడాలోని నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో ఫ్లాయిడ్ టూల్ మొదలుపెట్టారు. శ్రోతలకూ స్పీకర్లకూ మధ్య తెర కట్టి, అన్నిటినీ ఒకే శబ్ద స్థాయిలో వినిపించి మార్కులు వేయించేవారు. కంపెనీ పేరు, సైజు, ధర తెలియనప్పుడు శ్రోతల అభిప్రాయాలు ఆశ్చర్యకరంగా ఒకేలా వచ్చాయి. ఎదురుగా అన్ని పౌనఃపున్యాలనూ సమానంగా పలికించి, పక్కలకు వెళ్లే శబ్దంలోనూ అదే సమతూకం నిలిపే స్పీకర్లే ఎక్కువమందికి నచ్చాయి. ధర ఎక్కువైనంత మాత్రాన ఏదీ ముందుకు రాలేదు.

టూల్ ఆ తర్వాత హర్మన్ సంస్థలో చేరారు. అక్కడ షాన్ ఓలివ్‌తో కలిసి 1994లో చేసిన ప్రయోగం ఈ విషయంలో కీలకమైంది. 40 మంది అదే నాలుగు స్పీకర్లను ఒకసారి తెర చాటున, మరోసారి కళ్లెదుట విన్నారు. వాటిలో ఒకటి చవకైన, చిన్న ప్లాస్టిక్ స్పీకర్ల సెట్. తెర చాటున అది పెద్ద స్పీకర్లకు దీటుగా నిలిచింది. కళ్లకు కనిపించగానే దాని మార్కులు పడిపోయాయి. పెద్దగా, ఖరీదుగా కనిపించిన వాటి మార్కులు పెరిగాయి. శ్రోతల్లో చాలామందికి వినే అనుభవం ఉన్నా ఈ ప్రభావం తప్పలేదు.

2004లో ఓలివ్ మరో అడుగు ముందుకేశారు. 70 స్పీకర్ల కొలతలను శ్రోతలు ఇచ్చిన మార్కులతో పోల్చి, కొలతల నుంచే మార్కులను అంచనా వేసే సూత్రం తయారుచేశారు. అంచనాకూ అసలు మార్కులకూ మధ్య సహసంబంధం 0.86 వచ్చింది. స్పీకర్ చుట్టూ పది డిగ్రీలకు ఒకసారి, మొత్తం 70 చోట్ల శబ్దాన్ని కొలిచే పద్ధతి ఇప్పుడు అమెరికాలో పరిశ్రమ ప్రమాణంగా ఉంది. కంపెనీ పేరు చూసి ఊహించే బదులు ఈ కొలతల గ్రాఫ్ చూడటం నమ్మదగిన దారి.

గది కూడా స్పీకరే

ఎంత మంచి స్పీకర్ అయినా గదిలోకి వచ్చాక మారిపోతుంది. నాలుగు మీటర్ల పొడవున్న గదిలో సుమారు 43 హెర్ట్జ్ దగ్గర తరంగం ఎదురెదురు గోడల మధ్య నిలిచిపోతుంది. ఆ స్వరం గోడల దగ్గర దడదడలాడుతుంది, గది మధ్యలో దాదాపు మాయమవుతుంది. మన ఇళ్లలో సిమెంటు గోడలు, టైల్స్ లేదా గ్రానైట్ నేల శబ్దాన్ని చాలా కొద్దిగానే పీల్చుకుంటాయి. గుండెను తాకాల్సిన పాట గదంతా మార్మోగుతుంది. మందపాటి కర్టెన్లు, నేల మీద తివాచీ, పుస్తకాల అల్మరా ఉంటే మధ్య, పై స్థాయి శబ్దాల్లో తేడా వెంటనే తెలుస్తుంది. స్పీకర్‌ను మూలకు నెట్టితే బేస్ పెరిగినట్టుంటుంది కానీ మాటలు మసకబారతాయి. గోడకు కాస్త ఎడంగా, ట్వీటర్ చెవి ఎత్తుకు వచ్చేలా పెట్టడానికి రూపాయి ఖర్చు కాదు. చాలాసార్లు రెట్టింపు ధర స్పీకర్ ఇచ్చే మార్పు కంటే ఇది ఇచ్చే మార్పే పెద్దది.

కొనే ముందు చేసే పరీక్ష

మృదంగం ఇందుకు మంచి కొలబద్ద. మామూలు డోలు చర్మంపై పుట్టే కంపనాల పౌనఃపున్యాలు ఒకదానికొకటి పొసగవు. మృదంగం, తబలాల మీద మధ్యలో వేసే నల్లని పూత వల్ల అవి మూలస్వరానికి రెండు, మూడు, నాలుగు రెట్లుగా సర్దుకుంటాయి. ఈ విషయాన్ని 1920లోనే సి.వి. రామన్, శివకాళీ కుమార్ 'నేచర్' పత్రికలో వివరించారు. కుడివైపు దెబ్బలో శ్రుతి స్పష్టంగా వినిపించాలి. ఎడమవైపు తొప్పి గుమ్మని మోగి సకాలంలో ఆగాలి. తొప్పి నాదం ఆగకుండా సాగుతుంటే ఆ తోక పెట్టెదో, గదిదో అయి ఉంటుంది.

రెండు స్పీకర్లను పోల్చేటప్పుడు శబ్ద స్థాయి సమానంగా ఉండాలి. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నది కూడా మెరుగ్గా ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. పీఎంపీఓ పేరుతో రాసే వేల వాట్లను పట్టించుకోనక్కర్లేదు. దానికి అందరూ ఒప్పుకున్న ప్రమాణమే లేదు. నిరంతరంగా అందే శక్తిని చెప్పే ఆర్ఎంఎస్ వాట్లను, డెసిబెల్స్‌లో చెప్పే సెన్సిటివిటీని చూడాలి. సెన్సిటివిటీ మూడు డెసిబెల్స్ తగ్గితే అదే శబ్దానికి రెట్టింపు విద్యుత్తు కావాలి. కంపెనీ గొప్పగా చెప్పుకునే పరిజ్ఞానం కొనబోయే మోడల్‌లో ఉందా, లేక పెట్టె మీద పేరు మాత్రమే ఉందా అన్నదీ చూసుకోవాలి. కొన్ని ప్రసిద్ధ పేర్లు లైసెన్సు మీద వేరే తయారీదార్ల వస్తువుల మీదా కనిపిస్తుంటాయి.

అసలు ప్రశ్నకు సమాధానం ఇది. పేరున్న కంపెనీ చేసిన చవక షెల్ఫ్ స్పీకర్ మాటల స్పష్టత, గొంతులోని సహజత్వం, స్వరాల సమతూకం విషయంలో తన పెద్దన్నకు చాలా దగ్గరగా రాగలదు. ఎందుకంటే అవి ఎక్కువగా రూపకల్పన నుంచి వస్తాయి. లోతైన బేస్, పెద్ద హాలును నింపే శబ్దం మాత్రం కోన్ సైజు, పెట్టె పరిమాణం, బరువు నుంచి వస్తాయి కాబట్టి వాటిని ఆశించకూడదు. చిన్న గదిలో, మామూలు స్థాయిలో పాటలు వినే కుటుంబానికి మొదటి రకం లక్షణాలే ముఖ్యం. ఆ లక్షణాలున్న స్పీకర్‌ను ఎంచుకుని, మిగిలిన డబ్బులో కొంత ఒక తివాచీకి పెడితే చెవులకు అంతకంటే లాభం మరొకటి ఉండదు.