జాగిలం ముక్కు, హ్యాండ్లర్ మనసు

స్వదేశం వెళ్ళి వచ్చిన మోరిస్‌విల్ తెలుగువారిలో పలువురికి ఈ దృశ్యం పరిచితమే. అట్లాంటాలోనో నెవార్క్‌లోనో సామాను కోసం నిరీక్షిస్తుండగా, చిన్న బీగిల్ జాగిలమొకటి పెట్టెలను వాసన చూసుకుంటూ వచ్చి, ఒక సంచి దగ్గర నిశ్శబ్దంగా కూర్చుంటుంది. అధికారి సంచి విప్పించగా అమ్మ కట్టి ఇచ్చిన కరివేపాకు బయటపడుతుంది. నిమ్మజాతి చెట్లకు ప్రాణాంతకమైన తెగులును మోసే కీటకం ఆ ఆకులను ఆశ్రయిస్తుంది గనుక ఈ నిషేధం. ఈ సంగతి అమ్మలకు నచ్చజెప్పడం మాత్రం ఏ అధికారి తరమూ కాదు.

కరివేపాకు పోతే పోయింది. పోలీసు జాగిలం ఒకరి కారు పక్కన అలాగే కూర్చుంటే ఆ వ్యక్తి స్వేచ్ఛకే ముప్పు. అది పసిగట్టినది నిజంగా ఏమిటి?

రసాయన దృష్టితో చూస్తే, జాగిలానికి ఆనవాలు అనేక సందర్భాలలో నిషిద్ధ పదార్థం కాదు, దానితో పాటు వెలువడే తేలిక ఆవిరి. కొకెయిన్ గాలిలోకి లేచేది అత్యల్పం. తేమ తగిలి అది విచ్ఛిన్నమైనప్పుడు పుట్టే మిథైల్ బెంజోయేట్ అనే సుగంధ ద్రవ్యమే దానిని పట్టిస్తుంది. హెరాయిన్ విషయంలో ఎసిటిక్ ఆమ్లం, అనగా వినిగర్ వాసన. జాగిలం సెకనుకు సుమారు 5 సార్లు గాలి పీలుస్తుంది. విడిచిన గాలి ముక్కు పక్క చీలికల గుండా వెనక్కు పోవడం వల్ల ఎదుటి వాసన చెదరదు.

ఇంతటి పరికరానికి మాట లేదు. దాని శ్వాస మారడం, మెడ చటుక్కున తిరగడం, తోక బిగియడం చూసి అర్థం చెప్పేవాడు హ్యాండ్లర్. జాగిలానికి ఇదంతా ఆట. వాసన దొరికితే బంతి దొరుకుతుంది. అయితే అదికూడా హ్యాండ్లర్‌ను చదువుతూనే ఉంటుంది. అతని అడుగు ఎక్కడ మందగించిందో, పగ్గం ఎక్కడ బిగిసిందో దానికి తెలుసు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాస్త్రజ్ఞులు 2011లో ప్రచురించిన ప్రయోగం హ్యాండ్లర్ నమ్మకం ప్రభావాన్ని పరిశీలించింది. 18 జంటలు పాల్గొన్నాయి. వెదికిన గదులలో మాదకద్రవ్యం గానీ పేలుడు పదార్థం గానీ లేశమైనా లేదు. ఎర్ర కాగితం ఉన్నచోట సరుకు ఉందని హ్యాండ్లర్లకు మాత్రం చెప్పారు. మొత్తం 144 సోదాలలో తప్పు సంకేతమొక్కటీ లేనివి 21 మాత్రమే! జాగిలాలను ఆకర్షించడానికి సాసేజ్ ముక్కలు దాచిన చోట్లకన్నా, మనుషులను నమ్మించిన కాగితాల దగ్గరే సంకేతాలు అధికంగా వచ్చాయి. జాగిలాలే పొరబడ్డాయో, హ్యాండ్లర్లే తమ నమ్మకాన్ని వాటి నడతలో చూశారో ఆ ప్రయోగం తేల్చలేదు. ప్రయోగశాలలో ఏమీ కలపని ‘ఖాళీ’ నమూనాను కూడా పరీక్షించడం నిత్యకృత్యం. శిక్షణలోనూ అలాంటి ఖాళీ సోదాలు ఉండాలి. సరుకు ఎక్కడున్నదీ హ్యాండ్లర్‌కు, పరీక్షించేవారికి కూడా తెలియకూడదు.

న్యాయస్థానాలు సంకేతాన్ని బరువైన సాక్ష్యంగానే పరిగణిస్తాయి. సక్రమంగా శిక్షణ పొందిన జాగిలం సంకేతం సోదాకు చాలవచ్చునని అమెరికా సుప్రీంకోర్టు 2013లో పేర్కొన్నది. అనుమానానికి తగిన కారణం లేకుండా, జాగిలం వచ్చేదాకా వాహనాన్ని నిలిపి ఉంచరాదని 2015లో తీర్పు చెప్పింది.

మోరిస్‌విల్ ఉన్న ఉత్తర కెరొలైనాలో మరో చిక్కు వచ్చింది. 2018 నాటి సమాఖ్య చట్టం పారిశ్రామిక హెంప్ సాగును గంజాయి నుంచి వేరుచేసింది. రెండూ ఒకే జాతి మొక్కలు. పరిమళమిచ్చే టెర్పీన్లూ అవే. (వాటిలో ఒకటైన కారియోఫిలీన్ మన కరివేపాకులోనూ, మిరియాలలోనూ ఉంది.) జాగిలం వీటి తేడా చెప్పలేదని రాష్ట్ర దర్యాప్తు సంస్థ 2019లోనే హెచ్చరించింది. ఒకసారి నేర్పిన వాసనను మరపించడం కష్టం. అందుకే కొన్ని రాష్ట్రాల పోలీసులు కొత్త జాగిలాలకు గంజాయి వాసన నేర్పడమే మానుకున్నారు. పాతవి మాత్రం గంజాయికీ కొకెయిన్‌కూ ఒకే తీరున కూర్చుంటాయి. ఏ వాసనకు కూర్చున్నదీ పక్కనున్న హ్యాండ్లర్‌కు కూడా తెలియదు.